భుజాల మీద సాగే విమానం: పాటలో ఆకాశానికి అర్థం ఎక్కడి నుంచి వస్తుంది?

ఒడిశా గంజాం జిల్లా బరంపురంలో మా ఇంటి అరుగు మీద ఒక సాయంత్రం పాటల గురించి మాటలు నడుస్తున్నాయి. విజయవాడ నుంచి వచ్చిన మా బావ, ఇక్కడే పుట్టి పెరిగిన పక్కింటి పెద్దాయన, నేను. అప్పుడే కట్టుకున్న ఒక పాటలోని వరుసను వాళ్ళకు చదివి వినిపించాను.

"భుజాలు మార్చుకుంటూ విమానం ఊరు దాటింది."

బావకు అది కొరుకుడు పడలేదు. విమానాన్ని భుజాలు మోయడం ఏమిటని అడిగాడు. అర్థం కాకుండా ఉండాలనే కొందరు కవులు ఇలా రాస్తారని నొచ్చుకున్నాడు కూడా. పెద్దాయనకు మాత్రం అందులో వింత ఏమీ కనిపించలేదు. హోలీ వేళ వచ్చే డోల పున్నమికి రాధాకృష్ణుల విగ్రహాలను ఊరేగించే చెక్క పల్లకీని ఒడియాలో ‘బిమాన’ అంటారు. గంజాం పల్లెల్లో ఆ బిమానలను జనం భుజాల మీదే మోస్తారు. అనేక ఊళ్ళ బిమానలు ఒక మైదానంలో కలుసుకోవడాన్ని మేళనం అంటారు. పెద్దాయన కాసేపు కళ్ళు మూసుకుని, "ఏ వీధి వరకు వెళ్ళింది?" అని అడిగాడు.

ఒకే వరుస, ఒకే భాష. ఇద్దరూ తెలుగువారే. అయినా ఒకరికి యంత్రం కనిపించింది, మరొకరికి దేవుడు కనిపించాడు. కొరాపుట్ జిల్లా జయపురం నుంచి 2022లో చిన్న విమానాలు విశాఖకు, భువనేశ్వర్‌కు ఎగరడం మొదలైన తర్వాత మా వైపు కుర్రాళ్ళు కట్టే పాటల్లో విమానం మాట తరచుగా వినిపిస్తోంది. దానితోపాటు, "ఆకాశం అంటే స్వేచ్ఛ, విమానం అంటే ఎదుగుదల" అని ఒక్క ముక్కలో తేల్చేసే వ్యాఖ్యానమూ వినిపిస్తోంది. ఆ వ్యాఖ్యానం కొన్ని పాటలకు సరిపోతుంది. చాలా పాటలకు సరిపోదు. ఎందుకు సరిపోదో చూడాలంటే మొదలు నుంచి రావాలి.

పదచిత్రం, ప్రతీక, కవిసమయం ఒకటి కావు

వినగానే మనసులో బొమ్మ కట్టించే మాటను పదచిత్రం అంటారు. ‘మసకేసిన నింగి’ అనగానే ఒక రంగు కంటి ముందుకు వస్తుంది, అంతే. ఆ బొమ్మ తనను మించిన మరో భావానికి గుర్తుగా నిలబడినప్పుడు ప్రతీక అవుతుంది. మసకేసిన నింగి అనేది వార్త రాని ఇంటి దిగులుకు గుర్తయితే ప్రతీకే. తరతరాలుగా కవులంతా ఒప్పుకుని వాడుకునే కల్పన కవిసమయం. చకోరం వెన్నెల తాగుతుంది, చాతకం వాన చినుకు కోసమే ఎదురుచూస్తుంది, హంస పాలనూ నీళ్ళనూ వేరు చేస్తుంది. ఇవి పక్షుల గురించి చెప్పే నిజాలు కావని రాసేవారికీ తెలుసు, వినేవారికీ తెలుసు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆకాశం చుట్టూ వేల ఏళ్ళ కవిసమయాలు అల్లుకుని ఉన్నాయి. యంత్రవిమానం మన పాటల్లోకి కొత్తగా వచ్చింది. రెండూ ఒకే వరుసలో కలిసినప్పుడు పాతదాని అర్థం కొత్తదాని మీద వాలిపోతుంది.

ఆకాశం అంటే స్వేచ్ఛ అన్న సమీకరణం కూడా మనకు అంత పాతదేమీ కాదు. మన సామెతలను, నుడికారాలను ఒకసారి తడిమి చూడండి. ఆకాశానికి నిచ్చెన వేయడం అంటే కాని పనికి పూనుకోవడం. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు అంటే శక్తికి మించిన ఆశ. మిన్ను విరిగి మీద పడటం ఆపద. గగనకుసుమం ఎక్కడా పూయని పువ్వు. ఆకాశమంత పందిరి అంటే వైభవం. ఇన్నింటిలో ఒక్కటీ స్వేచ్ఛను చెప్పదు. పల్లె నోట ఆకాశం ఎక్కువగా హద్దుగా, ఆపదగా, అందని చోటుగా వచ్చింది. ‘నింగికెగిరే’ ప్రతి పాటనూ స్వేచ్ఛాగీతంగా చదివేవారు ఈ పాత బరువును వదిలేస్తున్నారు. నాకది నష్టంగానే తోస్తుంది.

ఆరు పేర్లున్న ఆకాశం, మాత్రల లెక్క

నింగి, మిన్ను, గగనం, అంబరం, వినువీధి, ఆకాశం. నిఘంటువులో ఇవన్నీ ఒకటే. పాటలో మాత్రం ఒక్కోదాని వాసన వేరు. మిన్ను అనగానే దాని జంట మన్ను పక్కనే నిలబడుతుంది. ఆకాశం పంచభూతాల్లో ఒకటి. మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనం దానికి శబ్దాన్ని గుణంగా చెప్పింది, అంటే పాటకు ఆధారమే ఆకాశం అన్నమాట. గగనానికి వాడుకలో మరో బతుకు ఉంది. ‘దొరకడం గగనమైపోయింది’ అంటాం. కాబట్టి ప్రేమపాటలో ‘నీ చూపు గగనం’ అని ఉంటే అది నీలిరంగు వర్ణన కావచ్చు, చూడటమే మానేసిందన్న ఫిర్యాదు కావచ్చు.

అంబరం సంగతి మరీ అందమైనది. ఆ మాటకు ఆకాశమనీ అర్థముంది, బట్ట అనీ అర్థముంది. దిగంబరుడు, పీతాంబరుడు అన్న మాటల్లో ఉన్నది బట్టే. బరంపురం పట్టుచీరలకు పేరున్న ఊరు. ఇక్కడి మగ్గాల వీధుల్లో తెలుగు మాట్లాడే నేతకుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఈ వరుసలు వినిపించాయనుకుందాం.

"అంబరానికి నీలం అద్ది
అంచు చివర చుక్కలు కుట్టి
రాత్రి ఎవరి పెళ్ళికో పంపింది."

బయటివారికి ఇది నక్షత్రాల వర్ణన. మగ్గం ముందు కూర్చునే మనిషికి ఇది పని చేసి, తాను కట్టుకోలేని చీరను పంపేసిన కథ. రెండు అర్థాలూ ఒకే మాటలో నుంచి వచ్చాయి. కవి కల్పించి తగిలించింది ఏదీ లేదు.

అయితే ప్రతి మాటనూ ఇలా తవ్వవచ్చునా? దీనికి ఒక అడ్డు ఉంది, బాణీ. చాలా పాటల్లో ముందు బాణీ పుడుతుంది, తర్వాత మాటలు అందులో కూర్చుంటాయి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఆ లెక్కన నింగి మూడు మాత్రలు, మిన్ను కూడా మూడే. గగనం నాలుగు. అంబరం ఐదు, వినువీధి ఐదు. ఆకాశం ఆరు. బాణీలో నాలుగు మాత్రల చోటుంటే గగనం తప్ప పై ఆరింటిలో మరేదీ అక్కడ పట్టదు. అప్పుడు ఆ మాటలో ‘దొరకనిది’ అన్న అర్థం కవి ఉద్దేశించాడని పట్టుబట్టడం కష్టం. మూడు మాత్రల చోట నింగి, మిన్ను రెండూ పడతాయి. రెండూ పట్టే చోట మిన్నునే ఎంచుకున్నాడంటే ఆ ఎంపికకు కారణం వెతకవచ్చు. పక్క వరుసలో మన్ను ఉందా అని చూడాలి. ప్రాస కోసం కూడా వచ్చి ఉండవచ్చు. పై పాటలో అద్దడం, అంచు, కుట్టడం అన్న మాటలు పక్కనే ఉన్నాయి కనుక, అంబరం ఎంచుకున్న మాటే. ఈ చిన్న లెక్క నన్ను చాలా అతివ్యాఖ్యానాల నుంచి కాపాడింది.

విమానం, ఉడాజాహాజ, గాలిమోటారు

ఎగిరే యంత్రానికి తెలుగు ఇచ్చిన పేరు కొత్తగా పుట్టినది కాదు. విమానం అన్న సంస్కృత పదంలో కొలవడం అనే అర్థమున్న ధాతువు ఉంది. గర్భాలయం మీది కట్టడం విమానమే. తిరుమలలోని ఆనందనిలయ విమానం మనందరికీ తెలిసినదే. రామాయణంలో పుష్పకం విమానమే. వయసు నిండి పోయినవారి పాడెను పూలతో అలంకరించి దాన్నీ విమానం అనడం దేశంలో పలుచోట్ల ఉంది. కాబట్టి ఈ మాట యంత్రానికి వచ్చేసరికే గుడిని, దేవుణ్ణి, చావును మోసుకుంటూ వచ్చింది. ‘తాత విమానమెక్కాడు’ అన్న వరుసను ముందూ వెనకా చూడకుండా ప్రయాణంగా చదివితే, ఏడుస్తున్న పాటను నవ్వుతున్న పాటగా విన్నట్టవుతుంది.

ఒడియాలో వాడుకలో వినిపించే మాట ‘ఉడాజాహాజ’. ఎగిరే ఓడ అన్నమాట. ఈ పేరు వెనక సముద్రం ఉంది. ఒకప్పుడు గోపాలపూర్ రేవు నుంచి ఓడలెక్కి గంజాం జనం, తెలుగువారు, ఒడియావారు, రంగూన్‌కు కూలికి వెళ్ళారు. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా జపాన్ చేతికి పోయేదాకా ఆ రాకపోకలు సాగాయి. ఓడ ఎక్కినవాడి కోసం ఒడ్డున నిలబడి పాడుకునే పాటలో ఓడ స్థానంలోకి ఈనాడు గల్ఫ్‌కు వెళ్ళే విమానం వచ్చి కూర్చుంది. ఉడాజాహాజ అన్నప్పుడు ఒడ్డు, అలలు, తెరచాప కూడా వెంట వస్తాయి. విమానం అన్నప్పుడు అవి రావు. రెండు భాషల్లోనూ పాడే మా జిల్లాల్లో ఒకే పాట ఒడియా చరణంలో సముద్రం వైపు, తెలుగు చరణంలో స్వర్గం వైపు జరగడం నేను చెవులారా విన్నాను.

గాలిమోటారు అనే మాట కూడా పల్లెల్లో వాడుకలో ఉంది. ఇందులో దేవుడూ లేడు, ఓడా లేదు. చప్పుడు చేసే బండి ఉంది. పిల్లల పాటల్లో ఇదే ఎక్కువ నప్పుతుంది.

చూసే కన్ను నేల మీదా, కిటికీ దగ్గరా?

ఇన్ని పేర్లను, అర్థాలను ముందు పెట్టుకున్నప్పుడు ఏది ఎంచుకోవాలి? నాకు ఎక్కువసార్లు దారి చూపిన ప్రశ్న ఒకటే. ఈ వరుస పలికే మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడు? ఆకాశం కింద ఉన్నాడా, ఆకాశంలో ఉన్నాడా, పైనుంచి నేలను చూస్తున్నాడా?

కింద నిలబడిన మనిషి పాట ఇది.

"తెల్లగీత గీసుకుంటూ మా వాడు వెళ్ళాడు
గీత చెదిరేదాకా అమ్మ లోపలికి రాలేదు."

ఆ తెల్లగీత పొగ కాదు. పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున గాలి సున్నాకు యాభై డిగ్రీల దాకా దిగువన ఉంటుంది. ఇంజన్ నుంచి వెలువడే నీటి ఆవిరి అక్కడ గడ్డకట్టి మంచు రేణువులై మబ్బుగీతలా కనిపిస్తుంది. పైన గాలి పొడిగా ఉంటే గీత క్షణాల్లో మాయమవుతుంది, తేమగా ఉంటే చాలాసేపు నిలుస్తుంది. ఇది తెలిసిన తర్వాత రెండో వరుస బరువు పెరుగుతుంది. అమ్మ ఎంతసేపు నిలబడాలో పైనున్న గాలి నిర్ణయిస్తోంది, ఆమె చేతిలో ఏమీ లేదు.

మరో సంగతి. కొడుకు ఎక్కింది విశాఖలోనో, జయపురంలోనో అనుకుందాం. విశాఖలో అప్పుడే లేచిన విమానం బరంపురం మేడ మీది నుంచి తెల్లగీతగా కనిపించదు. జయపురం నుంచి ఎగిరే తొమ్మిది సీట్ల చిన్న విమానాలు అంత ఎత్తుకు పోవు, గీత గీయవు. ఆమె చూస్తున్నది తీరం వెంట ఏ నగరానికో పోతున్న ఎవరిదో విమానం. తప్పు కవిదా? నేను అలా అనుకోను. ఏ విమానం కనిపించినా కొడుకుదే అనుకునే కన్ను అది. విమానాల సంగతి తెలిసినందువల్ల ఆ పాటలోని తల్లి నాకు ఇంకా దగ్గరైంది.

కింద నిలబడిన చెవికి కూడా ఒక నిజం ఉంది. పది కిలోమీటర్ల ఎత్తు నుంచి చప్పుడు మనల్ని చేరడానికి అర నిమిషం పడుతుంది. గంటకు తొమ్మిది వందల కిలోమీటర్ల వేగంతో పోయే విమానం ఆ అర నిమిషంలో ఏడున్నర కిలోమీటర్లు ముందుకు వెళ్ళిపోతుంది. చప్పుడు వినిపించిన చోటికి తలెత్తితే అక్కడ ఖాళీ. "నీ పిలుపు వచ్చిన చోట నువ్వు లేవు" అన్న వరుసను విరహంగా చదవడానికి ఇంతకంటే గట్టి ఆధారం ఏం కావాలి?

ఇక పైనుంచి చూసే కన్ను. ఇది యంత్రాలతో వచ్చిందని చాలామంది అనుకుంటారు. కాళిదాసు రఘువంశం పదమూడో సర్గలో రాముడు పుష్పకం నుంచి సీతకు సముద్రాన్ని చూపిస్తాడు. తాను కట్టిన సేతువు ఆ నురుగుల నీటిని రెండుగా చీల్చిన తీరు, శరత్కాలపు తేట ఆకాశాన్ని పాలపుంత చీల్చినట్టుగా ఉందంటాడు. ఆకాశంలో వెళుతున్నవాడికి కింద ఉన్న సముద్రమే ఆకాశంలా కనబడింది. పైకి వెళ్ళిన మనిషికి పైన చెప్పుకోవడానికి ఏమీ మిగలలేదు, చూపంతా కిందికే వచ్చింది. విమానం కిటికీ దగ్గర కూర్చున్న ఏ పాటనైనా పరిశీలించండి, అందులో ఇల్లు, చెరువు, పొలం గట్లే ఉంటాయి. లోపల కూర్చున్నవాడి పాట ఆకాశం గురించి కాదు, వదిలిన నేల గురించి.

పైనుంచి చూడటానికి మరో ముఖం ఉంది. వరదలప్పుడు నాయకులు హెలికాప్టర్‌లో తిరిగితే పత్రికలు దాన్ని విహంగ వీక్షణం అంటాయి. పక్షి చూపు అని అందమైన మాటే. కప్పు మీద చేరి చెయ్యి ఊపుతున్న మనిషికి ఆ చూపులో తాను ఒక చుక్క. అదే హెలికాప్టర్ ఆహారం పొట్లాలు జారవిడిస్తే ఆ పాట పూర్తిగా మారిపోతుంది. యంత్రం ఒకటే, ఎత్తు ఒకటే. కింది మనిషికి ఏం అందిందన్నదే తేడా.

శరదాకాశం అందరికీ తేటగా ఉండదు

శరత్కాలపు ఆకాశం నిర్మలం. ఇది గట్టి కవిసమయం. మబ్బులు వెళ్ళిపోతాయి, వెన్నెల పిండారబోసినట్టు ఉంటుంది. ఆశ్వయుజ, కార్తిక మాసాలు, అంటే ఇంచుమించు అక్టోబరు, నవంబరు.

గంజాం, గజపతి జిల్లాల జనాన్ని అక్టోబరు గురించి అడగండి. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని తాకిన పెను తుపాను. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, దాని వెంట గజపతి కొండల్లో విరిగిపడిన చరియలు. ఇక్కడ శరత్తులో తేటగా ఉన్న ఆకాశాన్ని చూసి ఊపిరి పీల్చుకోరు, సముద్రం మీద ఏ మూలనైనా గుండం పడిందా అని వార్తలు వింటారు. మా వైపు పాటలో "ఆశ్వయుజపు నింగి అద్దంలా ఉంది" అని వస్తే ప్రశాంతతగా వెంటనే చదవలేను. ఆ అద్దం పగులుతుందేమోనన్న బెదురు వినిపిస్తుంది. ఇంకో ప్రాంతంలో రాసిన పాటకు ఈ అర్థాన్ని అంటగట్టడం మాత్రం అన్యాయం.

విమానం కూడా ఒక తరానికి భయమే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజులను చూసిన తరం కట్టిన పాటలో ఇంజన్ చప్పుడు ఎదుగుదలకు గుర్తు కాలేదు.

యంత్రం సంగతి ఎంతవరకు చూడాలి?

పాటల్లో ఎదురుగాలి అంటే కష్టాలు. సాఫీగా సాగనివ్వని బతుకు. ఇప్పుడు ఈ వరుస చూడండి.

"ఎదురుగాలి వీచింది, లేచాను
వెనకగాలి వీచింది, పరుగే మిగిలింది."

మొదటిసారి వింటే ధైర్యం చెప్పే మాటలా ఉంటుంది. రన్‌వే దగ్గరి లెక్క చూస్తే ఇది ఉన్నమాటే. ఒక చిన్న విమానం లేవాలంటే రెక్కల మీదుగా గాలి గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పారాలనుకుందాం. ఎదురుగాలి ఇరవై కిలోమీటర్లు ఉంటే నేల మీద ఎనభై వేగం అందుకోగానే లేస్తుంది. వెనకగాలి ఇరవై ఉంటే నూటఇరవై వేగం కావాలి, రన్‌వే మరింత పొడవు కావాలి. అందుకే విమానాలు వీలైనంతవరకు గాలికి ఎదురుగానే లేస్తాయి, దిగుతాయి. పైకి వెళ్ళాక లెక్క తారుమారవుతుంది. అక్కడ ఎదురుగాలి ఆలస్యం చేస్తుంది, వెనకగాలి త్వరగా చేరుస్తుంది. ఈ సంగతి తెలిసి చదివితే ఆ వరుస మొదలుపెట్టేవాడి పాట అవుతుంది. సగం దారిలో ఉన్నవాడి నోట అదే మాట నప్పదు.

నల్లపెట్టె సంగతి కూడా ఇలాంటిదే. ‘నా గుండె నల్లపెట్టెలో నీ మాటలే’ అని ప్రేమపాట రాస్తే వినడానికి బాగుంటుంది. బ్లాక్‌బాక్స్ నిజానికి నారింజ రంగులో ఉంటుంది, శిథిలాల్లో కనబడాలని. కాక్‌పిట్ మాటలు నమోదు చేసే పరికరం చాలా విమానాల్లో చివరి రెండు గంటలనే నిలుపుకుంటుంది, పాతవాటి మీద కొత్తవి పడుతూ ఉంటాయి. జనం దాన్ని వెతికేది ప్రమాదం జరిగిన తర్వాతే. కాబట్టి ఆ వరుస రాసినవాడు తెలిసో తెలియకో మూడు మాటలు చెప్పేశాడు. ప్రేమ కూలిపోయింది, గుర్తున్నవి చివరి మాటలే, ఎవరో వచ్చి తెరిస్తే తప్ప అవి బయటికి రావు.

దీని మీద రెండు పక్షాలున్నాయి. పాట కడుతున్నవాడు విమానాల ఇంజనీరు కానక్కరలేదు, చకోరం వెన్నెల తాగకపోయినా కవిత్వం బతికిందని ఒక పక్షం. యంత్రాన్ని తెచ్చుకున్నాక దాని నడకను గౌరవించాలి, లేకపోతే ఆ చోట గాలిపటమో, కొంగో ఉన్నా ఒకటే అని రెండో పక్షం. మొదటి పక్షం మాట కాదనలేను. తప్పున్నంత మాత్రాన పాట చెడిపోదు. అయితే చదివేవాడి శ్రమ వేరు. వాస్తవంతో రాచి చూసినప్పుడు కొన్ని వరుసలు అరిగిపోతాయి, కొన్ని మెరుస్తాయి. రాచి చూడకుండా ఏది ఏదో తెలియదు.

సవర గోడ మీద విమానం, దీపావళి నాటి పిలుపు

గజపతి, రాయగడ జిల్లాల కొండల్లో సవర గిరిజనులు ఇంటి గోడ మీద ఎర్రమట్టి పూసి తెల్లని పిండితో బొమ్మలు వేస్తారు. అవి అలంకారానికి కాదు, పితరులకు, దేవతలకు ఇచ్చే చోటు. గత శతాబ్దంలో గిరిజనుల జీవితాన్ని పరిశోధించిన వెరియర్ ఎల్విన్ ఆ బొమ్మలను నమోదు చేసినప్పుడే ఏనుగులు, గుర్రాల పక్కన రైలు, సైకిలు, విమానం కూడా ఉన్నాయి. విమానం అక్కడ ఆత్మలకు వాహనం. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి మనవాడని గర్వపడే మనం ఆ గోడల వైపు ఇంకా ఎక్కువగా చూసి ఉండాల్సింది. యంత్రాన్ని దేవతల వాహనం చేసుకోవడానికి సవరలకు పుష్పకం కథ అవసరం కాలేదు. పైనుంచి వచ్చేది, పైకి తీసుకుపోయేది ఏదైనా వాళ్ళ లోకంలో చోటు సంపాదించుకుంది.

ఒడియా ఇళ్ళలో దీపావళి సాయంత్రం జనుము కర్రలు వెలిగించి ఆకాశం వైపు ఎత్తుతారు. ‘బడబడువా హో, చీకటిలో రండి, వెలుగులో వెళ్ళండి’ అని అర్థం వచ్చేలా పెద్దలను పిలుస్తారు. మన తెలుగు ఇళ్ళలో గోగు కర్రలకు వత్తులు కట్టి, ‘దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగులచవితి’ అంటూ నేల మీద కొడతారు. ఒకే రాత్రి, ఇంచుమించు ఒకే కర్ర. ఒక ఇంట్లో మంట మింటికి, పక్క ఇంట్లో మంటికి. ఈ వీధుల్లో పెరిగిన పిల్ల రాసే పాటలో ఆకాశం ఖాళీగా ఉండదు, అక్కడ దారి కోసం చూస్తున్న తాతలుంటారు.

వ్యాఖ్యాతలు ఒప్పుకోని చోటు

పాటలో ఉన్న మాటలే సాక్ష్యం, బయటిదేదీ వద్దనేవారున్నారు. కవి ఏమనుకున్నాడో అదే అర్థం అనేవారున్నారు. విన్నవాడి ఊరు, బతుకు కలిస్తేనే అర్థం పూర్తవుతుందనే మూడో వారూ ఉన్నారు. మా అరుగు మీద జరిగిన వాదాన్నే తీసుకుంటే, బావ మొదటి పక్షం, పెద్దాయన మూడో పక్షం. ఆ పాట కట్టింది నేనే కనుక రెండో పక్షం నాది కావాలి.

నిజం చెప్పాలంటే, ఆ వరుస రాసేటప్పుడు నా మనసులో ఉన్నది డోల పున్నమి కాదు, మా నాయనమ్మ చివరి ప్రయాణం. పెద్దాయన దేవుణ్ణి చూశాడు, నేను పాడెను చూశాను. ఆయన చదివింది తప్పని చెప్పడానికి నాకు ఆధారం లేదు. భుజాలు, మార్చుకోవడం, ఊరు దాటడం, ఈ మూడింటికీ ఆయన అర్థం సరిగ్గా అతుకుతుంది. బావ చదివిన యంత్రం మాత్రం ‘భుజాలు’ దగ్గర ఆగిపోయింది. వరుసలోని ప్రతి మాటకూ జవాబు చెప్పగలిగే అర్థాలు ఒకటి కంటే ఎక్కువ ఉండవచ్చు. ఒక మాటను పక్కకు నెట్టితేనే నిలబడే అర్థాన్ని నేను నమ్మను. కవి ఉద్దేశానికి ఇంతకంటే పెద్ద పీట వేయాలనేవారి వాదనలో బలం లేకపోలేదు. నాయనమ్మ సంగతి తెలిశాక బావ కూడా ఆ వరుసను మరోసారి చదివించుకున్నాడు.

నాలుగు వరుసల్ని విడదీసి చూస్తే

చివరగా ఒక చిన్న పాటను మొత్తంగా చూద్దాం.

"దీపావళి కర్ర ఎత్తి తాతకు దారి చూపాం
తెల్లవారి విశాఖలో తమ్ముణ్ణి విమానమెక్కించి వచ్చాం
రెండుసార్లూ అమ్మ
ఒకవైపే తలెత్తింది."

కర్ర ఎత్తారంటే ఒడియా పద్ధతి. తెలుగు ఇంట్లో ఒడియా ఆచారం వచ్చి కలిసింది, సరిహద్దు జిల్లా ఇల్లని దానితోనే తెలుస్తుంది. రెండో వరుసలో విమానం యంత్రమే, విశాఖ, ఎక్కించడం అన్న మాటలు మరో అర్థానికి తావివ్వవు. అయినా మొదటి వరుస నీడ దాని మీద పడుతూనే ఉంది. ఆకాశానికి ఉన్న ఆరు పేర్లలో ఒక్కటీ ఇందులో లేదు. తలెత్తడం అనే పనితోనే ఆకాశాన్ని చూపించారు. అమ్మ రెండుసార్లూ నేల మీదే ఉంది.

‘ఒకవైపే’ అన్నదాన్ని మొదట పైవైపు అనుకున్నాను. తర్వాత దిక్కు చూసుకున్నాను. పితృదేవతల దిక్కు దక్షిణం. బరంపురం నుంచి విశాఖ దాని పక్కనే ఉన్న నైరుతి మూలన ఉంటుంది.